చలిపూలకు ఇదే ముహూర్తం

*పెటూనియా, ఫ్లాక్స్, డయాంథస్, కాలెండ్యులా, పాన్సీ... డిసెంబరులో కుండీతో సహా కొని తెచ్చుకునే ఈ పూలన్నీ గింజ నుంచి మన ఇంట్లోనే వస్తాయి. బతుకమ్మ పేర్చే రోజులకు గింజ మట్టిలో పడితే సంక్రాంతికి ముంగిలి నిండుతుంది.*

ఆగస్టు నెలాఖరు. అరకులోయలో ముసురు కాస్త తెరిపిచ్చింది. కొండవాలులోని మెట్టచేలో ఒక గిరిజన మహిళ చీరచెంగును ఒడిగా కట్టుకుని గింజ చల్లుతోంది. ఒళ్లో ఉన్నవి వలిసెలు. నల్లగా, సన్నగా, నిగనిగలాడుతూ ఉంటాయి. బియ్యపు గింజ కంటే చిన్నవి కాబట్టి వాటిలో ఇసుక కలిపింది. కలపకపోతే గింజ ఒకచోట గుంపుగా, ఇంకోచోట పలచగా పడుతుంది. ఆమె వెనకాలే మరొకరు ముళ్లకంప ఈడ్చుకుంటూ వస్తున్నారు. గింజ మీద పలచటి మట్టిపొర పడాలి, అంతే. లోతుకు పోతే మొలవదు. రోడ్డు మీద టూరిస్టు బస్సు లేదు. సెల్‌ఫోను ఎత్తిపట్టుకున్న చెయ్యి ఒక్కటీ లేదు.

నవంబరు వచ్చేసరికి అదే వాలు పచ్చటి పసుపు. విశాఖపట్నం నుంచి కిరండూల్ రైలుకు తగిలించిన అద్దాల బోగీలో జనం కిక్కిరిసి వస్తారు. సినిమా యూనిట్లు వస్తాయి, పెళ్లి ఫొటోల జంటలు వస్తాయి. పూలు తొక్కేస్తున్నారని కొందరు రైతులు వెదురు కంచె కట్టి, చేలో ఫొటో దిగడానికి కొంత రుసుము తీసుకుంటున్నారు. ఈ ఏడాది కూడా ‘అరకు ఎప్పుడు వెళ్దాం’ అన్న మాట ఫ్యామిలీ గ్రూపుల్లో అప్పుడే మొదలైంది.

ఫొటోల్లో కనపడని సంగతి ఒకటుంది. చలిలో పూసే పువ్వుకు చలి రాకముందే విత్తు పడాలి. కొండ మీద రైతుకు ఇది పుట్టుకతో తెలిసిన లెక్క. పట్నంలో కుండీలు పెంచే మనం మాత్రం చలి మొదలయ్యాక, అదీ పొరుగింటి బాల్కనీలో పూలు చూశాక మేల్కొంటున్నాం. అప్పటికి గింజ వేసే రోజులు దాటిపోతాయి. ఇక మిగిలేది పూసిన కుండీని కొనుక్కోవడమే.

పూసిన కుండీ బేరం

డిసెంబరులో హైదరాబాద్, విజయవాడ, విశాఖ రోడ్ల పక్కన ట్రాలీ ఆటోలు ఆగుతాయి. వాటి నిండా చిన్న నల్ల కుండీలు, ప్రతి కుండీలో విరగబూసిన పెటూనియా. ఆఫీసు నుంచి ఇంటికెళ్లే వాళ్లు ఆగి అడుగుతారు.

“ఎన్నాళ్లుంటాయి బాబూ ఇవి?”

“మార్చి దాకా పూస్తూనే ఉంటాయమ్మా, నీళ్లు పోస్తే చాలు.”

అమ్మే అబ్బాయి మాటలో అబద్ధం లేదు. మొక్కకు ఆ శక్తి ఉంది. ఆ చిన్న కుండీకే లేదు. వేర్లు అప్పటికే కుండీ గోడ చుట్టూ చుట్టుకుపోయి ఉంటాయి. లోపల ఉన్నది చాలావరకు కొబ్బరిపొట్టు. ఒక పూట నీళ్లు తప్పితే అది ఎండి గట్టిపడుతుంది, మళ్లీ పోసిన నీరు పక్కల నుంచి జారిపోతుంది. షేడ్‌నెట్ కింద గాలిలో తేమ చూసి పెరిగిన మొక్క ఒక్కసారిగా మన మిద్దె మీది ఎండలో పడుతుంది. సంక్రాంతి వెళ్లేసరికి చాలా ఇళ్లలో కాడలే మిగులుతాయి. ‘మాకు పూలమొక్కలు అచ్చిరావు’ అన్న మాట ఇక్కడే పుడుతోంది.

ఇంట్లో గింజ నుంచి వచ్చిన మొక్కకు ఈ ఇబ్బందులు తక్కువ. ఏ ఎండ, ఏ గాలి, ఏ నీళ్లలో బతకాలో వాటిలోనే అది రెండాకుల నాటి నుంచి పెరుగుతుంది. ఒక్క పూసిన కుండీకి పెట్టే డబ్బుతో ఇంచుమించు ఒక గింజల ప్యాకెట్ వస్తుంది. అందులోంచి సగం మొలిచినా మెట్ల వరస మొత్తానికి సరిపోతుంది.

నర్సరీవాళ్ల పొట్ట కొట్టమని చెప్పడం లేదు. కడియం, కడియపులంక నర్సరీల్లో ప్రోట్రేల గుంతల్లో ఒక్కొక్క గింజా వేసే ఆడవాళ్ల చేతి పనితనం చూసినవారెవరూ ఆ మాట అనలేరు. గింజ వేయడానికి వ్యవధి లేనివాళ్లు వారి దగ్గర అక్టోబరులో చిన్న నారు కొనుక్కోవచ్చు. పూసిన మొక్క కంటే నారు కొనడం ఎప్పుడూ మేలు.

ఈ పూలకు చలితో ఏం పని?

వీటిలో చాలావాటి పుట్టిల్లు మధ్యధరా సముద్ర తీరం. కాలెండ్యులా, స్నాప్‌డ్రాగన్, అలిస్సం, స్వీట్ పీ అన్నీ అక్కడివే. అక్కడ ఎండాకాలంలో చుక్క వాన పడదు, వానలన్నీ చలికాలంలోనే. అందుకని గింజ ఎండాకాలమంతా నేలలో నిద్రపోతుంది. తొలి చల్లటి వానకు మొలుస్తుంది. చలిలో పెరిగి, ఎండలు ముదిరేలోపు పూసి, గింజ రాల్చి చచ్చిపోతుంది. ఒక్క చలికాలంలో బతుకంతా ముగించే మొక్కలివి.

మన వంటింటి కొత్తిమీర, మెంతికూర కూడా ఈ తీరువే. జూన్‌లో వేసిన కొత్తిమీర నాలుగాకులు వేయగానే పూతకు పోవడం అందరూ చూసిందే. అదే ధనియం కార్తికంలో వేస్తే గుబురుగా వస్తుంది. చలిపూల గింజకూ వేడి అంటే పడదు. మట్టి బాగా వేడెక్కి ఉంటే పాన్సీ, లార్క్‌స్పర్ గింజలు బతికే ఉండి కూడా మొలకెత్తడం మానేస్తాయి. ‘ప్యాకెట్ మోసం’ అని మనం అనుకునే సందర్భాల్లో చాలావరకు తప్పు ప్యాకెట్‌ది కాదు, వేసిన రోజుది.

పెటూనియా వీటికి కాస్త భిన్నం. దాని తల్లిదండ్రులు దక్షిణ అమెరికావి, తెల్లపూల జాతి ఒకటి, ఊదాపూల జాతి ఒకటి. మొలకెత్తడానికి 24 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి, పూయడానికి చల్లటి రాత్రులు కావాలి. మన అక్టోబరు, డిసెంబరు సరిగ్గా ఈ రెండూ ఇస్తాయి. అందుకే తెలుగునేల మీద పెటూనియా అంత బాగా కుదురుకుంది.

సంక్రాంతి నుంచి వెనక్కి లెక్క

గింజల ప్యాకెట్ల మీద విదేశీ నెలల లెక్కలు చూసి తికమక పడేకన్నా మన కార్తెలు పట్టుకోవడం సులువు. సంక్రాంతి జనవరి 14న, కొన్నేళ్లలో 15న. గింజ నుంచి పువ్వుకు పెటూనియాకు సుమారు 80 నుంచి 90 రోజులు, స్నాప్‌డ్రాగన్‌కు, పాన్సీకి అంతకంటే కాస్త ఎక్కువ. ముగ్గుల నాటికి పూలు విరియాలంటే అక్టోబరు నడిమికల్లా గింజ వేసి తీరాలి. అంటే హస్త, చిత్త కార్తెలు. తెలంగాణలో సద్దుల బతుకమ్మ, ఆంధ్రలో దసరా సరదాలు ఇంచుమించు ఇప్పుడే. గునుగు, బంతి, తంగేడు పూలు తెచ్చుకుని బతుకమ్మ పేరుస్తున్న ఇంట్లోనే మరో మూలన నారు పోసుకోవాలి. గునుగు కూడా గింజ రాలి తనంతట తాను మొలిచే ఏకవార్షికమే. అది వానకు మొలిచి పండగకు పూస్తుంది. అది వెళ్తుండగా ఇవి మొదలవ్వాలి.

▣ ఏ కార్తెకు ఏ గింజ

ఉత్తర ఆఖరు – హస్త (సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు 10 వరకు): స్నాప్‌డ్రాగన్, డయాంథస్, హాలీహాక్. వీటికి పూతకు వ్యవధి ఎక్కువ.

చిత్త (అక్టోబరు 11 – 23): పెటూనియా, ఫ్లాక్స్, కాలెండ్యులా, చైనా ఆస్టర్. ఎక్కువమందికి అనువైన పక్షం ఇదే.

స్వాతి (అక్టోబరు 24 – నవంబరు 5): పాన్సీ, లార్క్‌స్పర్, స్వీట్ పీ. మట్టి చల్లబడ్డాకే ఇవి మొలుస్తాయి. సంక్రాంతికి కాకపోయినా ఫిబ్రవరికి పూస్తాయి. నస్టర్షియం కూడా ఇప్పుడు నేరుగా కుండీలోనే వేయవచ్చు.

విశాఖ (నవంబరు రెండు, మూడు వారాలు): ఆలస్యమైనవారికి అలిస్సం. ఏడు వారాల్లోనే పూతకొస్తుంది.

▣

గింజ వేసే పొద్దు

గ్రాము పెటూనియా గింజల్లో దాదాపు 10 వేల గింజలుంటాయి. గ్రాము స్వీట్ పీ తూచితే 12, 15కు మించవు. ఈ రెండింటినీ ఒకేలా వేస్తే ఏదో ఒకటి పోతుంది. ఇంట్లో గింజ మొలవలేదని బాధపడేవాళ్లలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇదే: సన్నగింజను లోతుగా పాతిపెట్టడం.

పెటూనియా, స్నాప్‌డ్రాగన్ గింజలకు వెలుతురు కావాలి. వాటి మీద మట్టి వేయకూడదు. తడి కొబ్బరిపొట్టు నింపిన ట్రే మీద చల్లి, అరచేత్తో మెల్లగా అద్ది వదిలేయాలి. సమంగా పడాలంటే అరకు రైతు చేసే పనే చేయాలి: చెంచాడు పొడి ఇసుకలో గింజ కలిపి చల్లడం. మడిచిన తెల్ల కాగితంలో పోసి వేలితో తడుతూ జార్చినా బాగానే పడుతుంది. ఇప్పుడు పెటూనియా గింజలు పూత వేసిన గుళికలుగా కూడా దొరుకుతున్నాయి. ప్రోట్రే గుంతకు ఒకటి చొప్పున వేసి, పైపూత కరిగేదాకా నీళ్లు పిచికారీ చేయాలి. పూత కరగకపోతే లోపలి మొలక బయటికి రాలేదు.

కాలెండ్యులా, ఫ్లాక్స్, లార్క్‌స్పర్, నస్టర్షియం, పాన్సీ చీకటి కోరుకునేవి. గింజ మందానికి రెండింతలు మట్టి కప్పాలి. స్వీట్ పీ గింజ పెంకు గట్టిది, ముందు రాత్రి నానబెడితే తొందరగా మొలుస్తుంది. లార్క్‌స్పర్, హాలీహాక్, నస్టర్షియంలకు వేరు కదిపితే గిట్టదు. అవి ఎక్కడ పూయాలో అక్కడే గింజ వేయడం మంచిది.

నర్సరీలవాళ్లు వాడే 98 గుంతల ప్రోట్రే ఇంటికీ చక్కగా పనికొస్తుంది. అడుగున చిల్లులు పెట్టిన పెరుగు కప్పులు కూడా చాలు. మూడు పాళ్లు కొబ్బరిపొట్టు, ఒక పాలు జల్లెడపట్టిన వర్మీకంపోస్టు కలిపి తడపాలి. పిడికిట్లో పిండితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. ట్రే మీద పలచటి పాలిథిన్ కప్పి, ఎండ నేరుగా తగలని వెలుతురు చోట పెట్టాలి. అలిస్సం వారంలో మొలుస్తుంది. పెటూనియా 7 నుంచి 10 రోజులు, పాన్సీ రెండు వారాలు, లార్క్‌స్పర్ మూడు వారాల దాకా ఓపిక పట్టమంటుంది. ఆకుపచ్చ కనపడిన రోజునే పాలిథిన్ తీసేయాలి. ఒక్కరోజు ఆగినా నారు వెలుతురు కోసం సాగి, తెల్లటి కాడలతో పడిపోతుంది.

నారు దశలో అసలు గండం కుళ్లు తెగులు. రాత్రి నిటారుగా ఉన్న మొలక తెల్లారేసరికి మొదలు దగ్గర దారప్పోగులా సన్నబడి ఒరిగిపోతుంది. ఒక మూల మొదలైతే రెండు రోజుల్లో ట్రే అంతా పాకుతుంది. పిథియం, రైజోక్టోనియా అనే సూక్ష్మజీవుల పని ఇది. దీనికి మందుకన్నా జాగ్రత్తే మిన్న. పాత కుండీ మట్టితో నారు పోయకూడదు. నీళ్లు పొద్దున పూటే పెట్టాలి, వీలైతే ట్రేను నీళ్ల పళ్లెంలో ఉంచి అడుగు నుంచి పీల్చుకోనివ్వాలి. గింజ ఒత్తుగా చల్లకూడదు. కంపోస్టులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని కలిపితే రక్షణ ఉంటుంది. అప్పటికీ తెగులు కనపడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయడం రైతులు పాటించే పద్ధతి. చేతికి తొడుగు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

నాలుగైదు అసలు ఆకులొచ్చాక, అంటే సుమారు నాలుగు వారాలకు, నారు కుండీలోకి మారుతుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, గుప్పెడు వేపపిండి. నస్టర్షియంకు మాత్రం ఎరువు తగ్గించండి. బలం ఎక్కువైతే ఆకులే వేసుకుంటూ పోయి పూయడం మరిచిపోతుంది. పెటూనియా, డయాంథస్, స్నాప్‌డ్రాగన్ మూడు నాలుగు అంగుళాలు పెరగ్గానే చిగురు తుంచాలి. కొత్తవారికి అక్కడ చెయ్యి రాదు. వారాల తరబడి ఎదురుచూసి పెంచిన మొక్క తల గిల్లడానికి మనసొప్పదు. కానీ గిల్లిన చోట నుంచి నాలుగు కొమ్మలొస్తాయి, నాలుగింటా పూలొస్తాయి. లార్క్‌స్పర్‌ను గిల్లాల్సిన పని లేదు, అది నిలువుగా ఒక్క కంకితోనే అందం.

పూత మొదలయ్యాక రోజూ పొద్దున్నే వాడిన పూలు తీసేయాలి. ఏకవార్షికం పూసేది గింజ కోసమే. గింజ చేతికొచ్చిందని తెలిస్తే మొక్క ఇక పూయదు. వాడిన పువ్వును కాయ కట్టనివ్వకపోతే ఇంకో పువ్వు వేస్తుంది. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని మొక్కల మధ్య తిరుగుతూ ఈ పని చేసే పెద్దవాళ్లు ఇవాళ మిద్దెతోటలున్న ప్రతి వీధిలో కనపడతారు. ఉద్యోగాలు ముగిశాక, పిల్లలు ఊళ్లు దాటిపోయాక, పొద్దున లేవగానే తమ కోసం ఎదురుచూసే పని ఒకటి ఉండటం ఎంత ఆసరానో వాళ్ల ముఖాల్లో చదవొచ్చు.

▣ నోబెల్‌కు దారి చూపిన పెటూనియా

1990లో అమెరికాలో రిచర్డ్ జోర్గెన్సన్, కరోలిన్ నపోలీల బృందం ఊదారంగు పెటూనియాను ఇంకా ముదురు రంగులో పూయించాలనుకుంది. రంగు పుట్టించే జన్యువును అదనంగా చేర్చింది. కొన్ని మొక్కలు తెల్లగా పూశాయి, కొన్ని తెలుపు చారలతో పూశాయి. చేర్చిన జన్యువు, మొక్కలో అప్పటికే ఉన్న జన్యువు రెండూ మూగబోయాయి. ఆ చిక్కుముడి తర్వాత వానపాము కంటే ఎంతో చిన్నదైన ఒక నులిపురుగులో విడింది. జన్యువును నిశ్శబ్దం చేసే ఆ ప్రక్రియను వివరించినందుకు ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో వైద్య నోబెల్ వచ్చింది.

▣

టెక్సస్ గింజ, తెలుగు పెరడు

కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక్క పువ్వే చెప్పమంటే నా ఓటు ఫ్లాక్స్‌కు. వేసిన గింజ తొందరగా మొలుస్తుంది, రెండు నెలల్లో పూస్తుంది, మన ఎర్రమట్టిని ఇష్టపడుతుంది, ఒక కుండీలో ఐదారు రంగులిస్తుంది. ఈ మొక్క మన ఊళ్ల దాకా రావడం వెనక ఒక మనిషి ప్రాణం ఉంది.

థామస్ డ్రమండ్ స్కాట్లాండ్ వాడు. మొక్కలు, పక్షుల నమూనాలు సేకరించడం అతని వృత్తి. 1833లో టెక్సస్ చేరాడు. అక్కడ కలరా సోకింది, వరదలు చుట్టుముట్టాయి, తిండి దొరకని రోజులు గడిచాయి. అయినా రెండేళ్లలోపు సుమారు 750 జాతుల మొక్కలు, 150 పక్షుల నమూనాలు పోగుచేశాడు. వాటితో పాటు ఒక ఎర్రటి అడవిపువ్వు గింజలు బ్రిటన్‌కు పంపాడు. కుటుంబాన్ని తెచ్చుకుని టెక్సస్‌లోనే స్థిరపడాలనుకున్నాడు. కానీ 1835లో క్యూబాలో చనిపోయాడు. పంపిన గింజలు మొలిచాయి. శాస్త్రవేత్త విలియం హుకర్ ఆ మొక్కకు అతని పేరే పెట్టాడు: ఫ్లాక్స్ డ్రమండై. మన కుండీల్లో ఏటా పూసే ఫ్లాక్స్ ఆ వంశమే.

డ్రమండ్ నడిచిన ఆ టెక్సస్‌లో ఇప్పుడు వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. ఏప్రిల్‌లో డాలస్ నుంచి ఎన్నిస్ పట్టణం వైపు కార్లలో బయల్దేరి నీలిపూల మైదానాల్లో పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసి గుంటూరుకో, కరీంనగర్‌కో పంపుతారు. ఆ పూలు బ్లూబానెట్లు, 1901 నుంచి టెక్సస్ రాష్ట్రపుష్పం. శరదృతువులో మొలిచి, చలంతా నేలకు కరుచుకుని ఉండి, వసంతంలో పూస్తాయి. గింజ పెంకు ఎంత గట్టిదంటే ఒకే ఏడు రాలిన గింజలన్నీ ఒక్కసారే మొలవవు. కొన్ని మరుసటి ఏటికి, కొన్ని ఆ పై ఏటికి ఆగుతాయి. ఒక ఏడు వాన తప్పినా జాతి నిలుస్తుంది. టెక్సస్ రవాణా శాఖ ఏటా దాదాపు 30 వేల పౌండ్ల అడవిపూల గింజలు రోడ్ల వెంట చల్లిస్తుంది. మన జాతీయ రహదారుల పక్కన ఒక చలికాలం ఇలా గింజ చల్లి చూడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. మధ్యలో గన్నేరు, బోగన్‌విల్లా ఎలాగూ ఉన్నాయి. అంచుల్లో కాస్మాస్, ఫ్లాక్స్, వలిసెలు పడితే ఖర్చు గింజ వరకే.

దండలోకి వెళ్లే చలిపువ్వు

చలిపూలంటే అలంకారమే అనుకోవద్దు. మదనపల్లె, కుప్పం వైపు రైతులకు చైనా ఆస్టర్ రొక్కమిచ్చే పంట. ఊదా, తెలుపు, గులాబి రంగుల్లో ఆ పూలు హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు, కడియపులంక పూల సంతకు గంపల్లో వస్తాయి. దేవుడి దండల్లో, పెళ్లి మండపాల్లో చామంతి పక్కన కనపడే పలచ రేకుల పువ్వు అదే. చామంతిని పిలకలతో పెంచుతారు, ఆస్టర్‌ను మాత్రం గింజతోనే. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కామిని, పూర్ణిమ, శశాంక్, వైలెట్ కుషన్ వంటి రకాలను విడుదల చేసింది. ఇంటి మిద్దె మీద కూడా ఇవి బాగా వస్తాయి. ఒక్క జాగ్రత్త: ఆస్టర్ గింజ త్వరగా శక్తి కోల్పోతుంది. నిరుడు మిగిలింది కదా అని ఈ ఏడు వేయడం దండగ.

మిద్దె మీద కూరగాయలు పెంచేవారికి అలిస్సం చేసే సాయం ప్రత్యేకంగా చెప్పాలి. దాని చిన్న తెల్లపూల తేనె కోసం హోవర్ ఈగలు వస్తాయి. వాటి పిల్లపురుగులు పేనుబంకను తింటాయి. కాలిఫోర్నియా లెట్యూస్ రైతులు పంట వరసల మధ్య అలిస్సం వేసేది ఇందుకే. వంగ, చిక్కుడు కుండీల అంచున నాలుగు గింజలు చల్లితే మందు కొట్టే అవసరం కొంత తగ్గుతుంది. తేనెటీగల కోసం పూలు పెంచాలనుకుంటే ముద్దపూల రకాలు మానేసి ఒంటిరేకు రకాలే ఎంచుకోండి. ముద్దపువ్వులో చాలాసార్లు వాటికి అందే తేనె ఉండదు.

ఊరిని బట్టి పువ్వు

సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్, 700 మీటర్లకు దగ్గరగా ఉన్న మదనపల్లె ఈ పూలకు మంచి చోట్లు. డిసెంబరు రాత్రులు హైదరాబాద్‌లో 14, 15 డిగ్రీలకు దిగుతాయి. ఆదిలాబాద్, మెదక్ వైపు ఇంకా చల్లన. అక్కడివారు పాన్సీ, లార్క్‌స్పర్, స్వీట్ పీ ధైర్యంగా వేయవచ్చు.

కోస్తా సంగతి వేరు. విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖల్లో రాత్రులు అంత చల్లబడవు, గాలిలో తేమ ఎక్కువ. పైగా అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. రెండాకుల నారు మీద ఒక్క రాత్రి జడివాన పడితే పొద్దున్నకి ట్రే ఖాళీ. కోస్తావాళ్లు గింజను వసారాలోనో, రేకు కిందో వేసి, కుండీల్లోకి మార్చడం నవంబరు చివరి దాకా ఆపాలి. పెటూనియా, డయాంథస్, ఫ్లాక్స్, అలిస్సం, నస్టర్షియం మీకు బాగా పూస్తాయి. పాన్సీ, స్వీట్ పీ కోసం డబ్బు పెట్టవద్దు. ఎంత శ్రద్ధ చేసినా అవి అక్కడ ఉసూరుమంటాయి.

▣ చిన్నపిల్లలున్న ఇళ్లకు

పాన్సీ, కాలెండ్యులా, నస్టర్షియం పూలను, మందు కొట్టకుండా పెంచితే, సలాడ్‌లో తినవచ్చు. నస్టర్షియం ఆకు ఆవఘాటుగా ఉంటుంది. స్వీట్ పీ, లార్క్‌స్పర్ మాత్రం విషపూరితాలు. స్వీట్ పీ కాయలు బఠాణీలను పోలి ఉండటం వల్ల ప్రమాదం ఎక్కువ. కాళ్లు చచ్చుబడే జబ్బుతో ముడిపడిన కేసరి పప్పు కూడా ఈ కుటుంబానిదే. పిల్లలకు అందని చోట పెంచండి, కాయలు కట్టకముందే పూలు కోసి గాజు గ్లాసులో పెట్టుకోండి.

▣

మార్చిలో దాచాల్సింది

గింజ కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. మొలక శాతం, పరీక్షించిన తేదీ, గడువు ఉండాలి. ఇవేవీ లేకుండా పాలిథిన్ సంచుల్లో రంగు బొమ్మ అంటించి అమ్మేవాటి జోలికి వెళ్లవద్దు. నర్సరీ మేళాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ ఇలాంటివి బోలెడు కనపడతాయి. గడువు తీరిన గింజ కొన్నవాళ్లు పోగొట్టుకునేది డబ్బొక్కటే కాదు, ఒక చలికాలం.

పూలగింజ పుట్టించడంలో మన దేశానికి మంచి చరిత్రే ఉంది. 1965లో మన్మోహన్ అత్తావర్ బెంగళూరులో ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ ప్రారంభించి పెటూనియా హైబ్రిడ్ గింజలు తయారుచేసి విదేశాలకు పంపారు. పంజాబ్‌లోని సంగ్రూర్, పటియాలా ప్రాంతాల రైతులు గోధుమ వదిలి పూలగింజ పండించి ఐరోపాకు ఎగుమతి చేస్తున్నారు. అక్కడి పొలాల్లో పుట్టిన గింజే విదేశీ బొమ్మ ప్యాకెట్‌లో తిరిగి మన చేతికి వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఎఫ్1 అని రాసున్న హైబ్రిడ్ గింజ మొదటి ఏడు ఒకే తీరున పూస్తుంది. దాని గింజ దాచి వేస్తే మరుసటి ఏడు రంగులు, ఎత్తులు కలగాపులగం అవుతాయి. కాలెండ్యులా, ఫ్లాక్స్, నస్టర్షియం, లార్క్‌స్పర్, హాలీహాక్ సాధారణ రకాలకు ఈ బెడద తక్కువ. ఫిబ్రవరి ఆఖరున ప్రతి రంగులో బలమైన రెండు మొక్కలను వదిలేయండి. వాటి పూలు తీయడం ఆపండి. కాయ గోధుమరంగుకు తిరిగి, పగలబోయే ముందు కోయండి. ఫ్లాక్స్ కాయ పగిలితే గింజ దూరంగా ఎగిరిపోతుంది కాబట్టి కంకి మీద పలచటి గుడ్డ సంచి కట్టాలి. వారం రోజులు నీడన ఆరబెట్టి, పేరు, రంగు, ఏడాది రాసిన కాగితం కవర్లలో వేయండి. కవర్లన్నీ మూత బిగిసే గాజు సీసాలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో దాచండి. మన ఎండాకాలం అలమరలో పెట్టిన గింజ అక్టోబరుకు సగం చచ్చిపోతుంది.

చాలా మొక్కలకు గింజలు బోలెడు వస్తాయి. ఒక ఇంటికి పది చాలు. మిగిలినవి చిన్న పొట్లాలు కట్టి పక్కింటికి, పిల్లల బడికి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గది ముందున్న జానెడు మట్టికి ఇవ్వండి. పొట్లం మీద ‘చిత్త కార్తెలో వేయాలి’ అని రాయడం మరవకండి.

ఈ ఏడాది చిత్త కార్తె అక్టోబరు రెండో వారంలో వస్తోంది. దసరా సరుకుల చీటీలో బెల్లం, నువ్వుల కింద ఇంకో వరస చేర్చండి: ఒక ఫ్లాక్స్ ప్యాకెట్, ఒక కాలెండ్యులా ప్యాకెట్, రెండు కిలోల కొబ్బరిపొట్టు.